ఇంటి ప్లాన్‌కు ఉచిత సాఫ్ట్‌వేర్: ఫైలు ఎవరి చేతికి వెళ్తుందో ముందు తేల్చుకోవాలి

క్లుప్తంగా: గదుల అమరికను ఇంట్లోవాళ్లు చూసి మాట్లాడుకోవడానికైతే స్వీట్ హోమ్ త్రీడీ సరిపోతుంది. ఇంజనీరుకో మేస్త్రీకో ఇచ్చే కొలతల షీటు కావాలంటే లిబ్రేక్యాడ్ గానీ క్యూక్యాడ్ గానీ నేర్చుకోవాలి. గోడల పరిమాణాలు, సెక్షన్లు (ఇంటిని కోసి చూపే చిత్రాలు), ఎలివేషన్లు (బయటి ముఖచిత్రాలు) ఒకే నమూనా నుంచి తీయాలంటే ఫ్రీక్యాడ్ ఉంది, దానికి ఓపిక కావాలి. బ్రౌజర్‌లో నడిచేవి తొందరగా పని కానిస్తాయి, కానీ చివర్లో ఫైలు బయటికి తీసుకునే దగ్గర ఆపుతాయి.

ఇంటి ప్లాన్ గీయడానికి ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం వెతికినవారికి ఒకేసారి పది పదిహేను పేర్లు ఎదురవుతాయి. ప్రతిదానికీ ‘ఉత్తమం’ అనే ముద్ర ఉంటుంది. ఒకటి దించుకుని, రెండు మూడు రోజులు కూర్చుని ప్లాన్ పూర్తిచేశాక ఇంజనీరు ‘డీడబ్ల్యూజీ ఫైలు పంపండి’ అంటాడు. అది ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ ప్రోగ్రామ్ సొంత ఫైలు రకం. దించుకున్న సాఫ్ట్‌వేర్ దాన్ని ఇవ్వదు. గీసిందంతా మళ్లీ గీయాలి. ఇక్కడ పొరపాటు సాఫ్ట్‌వేర్‌ది కాదు, ఎంపిక మొదలుపెట్టిన చోటుది. ముందుగా తేలాల్సింది చివర్లో ఏ ఫైలు, ఎవరి చేతికి వెళ్తుందన్నది.

## ఒకే మాట, మూడు పనులు

‘ప్లాన్’ అనే మాటను మూడు వేర్వేరు వాటికి వాడేస్తుంటారు. ఏ గది ఎటు ఉంటే బాగుంటుందో, మంచం వేశాక నడవడానికి చోటు మిగులుతుందో లేదో చూసుకునే అమరిక చిత్రం ఒకటి. గోడలు, తలుపులు, కిటికీలు ఎక్కడెక్కడ వస్తాయో అంకెల్లో చెప్పే కొలతల షీటు రెండోది. గోడ ఎత్తు, మందం, పదార్థం లాంటి సమాచారమంతా లోపల దాచుకున్న భవన నమూనా మూడోది. దీన్నే ‘బిమ్’ అంటున్నారు.

తేడా అంతా సాఫ్ట్‌వేర్ ‘గోడ’ను ఎలా అర్థం చేసుకుంటుందన్న దగ్గర ఉంది. టూడీ క్యాడ్‌కు, అంటే గీతలతో కొలతల డ్రాయింగ్ గీసే ప్రోగ్రామ్‌కు, గోడంటే రెండు సమాంతర గీతలు, అంతే. అది గోడ అని దానికి తెలియదు. అందుకే తలుపు పెట్టాలంటే ఆ గీతలను చేత్తో కత్తిరించాలి. స్వీట్ హోమ్ త్రీడీ లాంటి వాటికి గోడ ఒక వస్తువు. తలుపును తెచ్చి దానిమీద వదిలితే గోడ తనంతట తానే తెరుచుకుంటుంది. బిమ్‌లో గోడ మరో అడుగు ముందుకు వెళ్లి, తన ఘనపరిమాణం ఎంతో, తనలో ఏ కిటికీలు ఉన్నాయో కూడా చెప్పగలదు. తెలివి పెరిగేకొద్దీ నేర్చుకోవాల్సిందీ పెరుగుతుంది. స్వీట్ హోమ్ త్రీడీలో మొదటి గది పది నిమిషాల్లో వస్తుంది. ఫ్రీక్యాడ్‌లో అదే గది గీయడానికి ముందు కనీసం ఒకటి రెండు రోజుల సాధన కావాలి.

## ‘ఉచితం’లో రకాలు

సోర్స్ కోడ్‌తో సహా ఇచ్చేసే ఓపెన్‌సోర్స్ ఒక రకం. స్వీట్ హోమ్ త్రీడీ, లిబ్రేక్యాడ్, ఫ్రీక్యాడ్ ఈ కోవలోవి. వీటితో గీసిన ప్లాన్‌ను సొంతానికీ వాడుకోవచ్చు, వృత్తిలోనూ వాడుకోవచ్చు. తయారీదారులు రేపు ఆపేసినా ఇప్పటికే దించుకున్న కాపీ పనిచేస్తూనే ఉంటుంది.

కంపెనీ తన సరుకులో ఒక ముక్కను ఉచితంగా ఇవ్వడం రెండో రకం. ఇది ఎప్పుడైనా మారవచ్చు. డ్రాఫ్ట్‌సైట్ చరిత్ర ఇందుకు ఉదాహరణ. డీడబ్ల్యూజీ ఫైళ్లను తెరిచి మార్చగలిగే ఉచిత ప్రోగ్రామ్‌గా దానికి చాలా పేరు ఉండేది. 2019లో ఉచిత వెర్షన్‌ను నిలిపివేశారు. అప్పటికే ఇన్‌స్టాల్ చేసుకున్న కాపీలు కూడా ఆ ఏడాది డిసెంబరు 31 తర్వాత పనిచేయలేదు. స్కెచప్‌లోనూ ఇలాంటి మార్పే వచ్చింది. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే ఉచిత ‘స్కెచప్ మేక్’ 2017 వెర్షన్‌తో ఆగిపోయింది. ఇప్పుడున్న ‘స్కెచప్ ఫ్రీ’ బ్రౌజర్‌లో నడుస్తుంది, వాణిజ్యేతర వ్యక్తిగత వాడకానికే పరిమితం. డీడబ్ల్యూజీ ఫైలుగా బయటికి ఇవ్వడం, కొలతలతో షీట్లు తయారుచేసే ‘లేఅవుట్’ దాని ఉచిత వెర్షన్‌లో ఉండవు.

మూడోది విద్యార్థి లైసెన్సు. ఆటోక్యాడ్‌ను విద్యార్థులకు, అధ్యాపకులకు ఏడాదికోసారి అర్హత చూసి ఉచితంగా ఇస్తారు. చదువుకోవడానికి అది మంచి దారే. ఆ లైసెన్సుతో డబ్బు తీసుకుని మరొకరి ఇంటి ప్లాన్ గీస్తే నిబంధన తప్పినట్టే.

క్యూక్యాడ్ విషయంలో ఒక చిన్న తికమక ఉంది. దించుకున్న ప్యాకేజీలో ప్రొఫెషనల్ వెర్షన్ ట్రయల్ కలిసి వస్తుంది, కాసేపు నడిచి ఆగిపోతుంది. చాలామంది ఇది ఉచితం కాదనుకుని అక్కడే వదిలేస్తారు. ట్రయల్ భాగాన్ని తొలగిస్తే మిగిలేది కమ్యూనిటీ ఎడిషన్. దానికి గడువు లేదు. డీడబ్ల్యూజీ సదుపాయం మాత్రం ప్రొఫెషనల్‌తోనే పోతుంది.

## స్వీట్ హోమ్ త్రీడీ: దేనికి, ఎంతవరకు

పై సగంలో ప్లాన్, కింది సగంలో త్రీడీ. గోడ గీస్తుంటేనే కింద లేస్తూ కనిపిస్తుంది. ప్లాన్ చదవడం అలవాటు లేనివారికి ఇది చాలా మేలు చేస్తుంది. గోడ గీయడం మొదలుపెట్టాక ఎంటర్ నొక్కితే పొడవు, కోణం, మందం టైపు చేయవచ్చు. మౌస్‌తో అంచనాగా లాగడం కన్నా ఇదే పద్ధతి. నాలుగు గోడలూ మూసుకున్నాక గది సాధనం తీసుకుని లోపల డబుల్ క్లిక్ చేస్తే గది ఏర్పడి వైశాల్యం చూపిస్తుంది. ఏర్పడకపోతే ఎక్కడో రెండు గోడల కొసలు కలవలేదన్నమాట. మూలను పెద్దదిగా జూమ్ చేసి చూస్తే దొరుకుతుంది.

పాత కాగితం ప్లాన్‌ను స్కాన్ చేసి వెనక పెట్టి, దానిమీద గోడలు గీసుకునే సదుపాయం ఇందులో బాగా ఉపయోగపడేది. స్కేలు సరిచేయడానికి తెలిసిన పొడవున్న గీతను చూపించమంటుంది. ఇక్కడే తప్పు దొర్లుతుంది. 1:100 ప్లాన్‌ను (అసలు కొలతలో నూరో వంతుకు గీసినదాన్ని) అంగుళానికి 150 చుక్కల చొప్పున స్కాన్ చేశారనుకుందాం. అప్పుడు ఒక మీటరు అంటే తెరమీద సుమారు 59 పిక్సెళ్లు. ఒక మీటరు తలుపును కొలమానంగా తీసుకుని 2 పిక్సెళ్లు తప్పితే పొరపాటు 3.4 శాతం. పది మీటర్ల ఇంటిలో అది 34 సెంటీమీటర్లు, ఒక బీరువా లోతులో సగం దాకా. అదే 2 పిక్సెళ్ల తప్పు పది మీటర్ల బయటి గోడమీద జరిగితే మొత్తం తేడా 3.4 సెంటీమీటర్లే. అందుకే ప్లాన్‌లో ఉన్న అన్నిటికన్నా పొడవైన కొలతనే చూపించాలి. ఫోన్‌తో తీసిన ఫొటో అయితే ఒకవైపు సాగి ఉంటుంది కనుక అడ్డంగానూ నిలువుగానూ రెండు కొలతలు సరిచూడాలి.

పరిమితులూ ఉన్నాయి. కొలత గీతలు గోడలకు అతుక్కుని ఉండవు. గోడ జరిపితే పాత కొలత పాత చోటే ఉండిపోతుంది. ప్లాన్‌ను ఎస్‌వీజీగా, పీడీఎఫ్‌గా ఇస్తుంది, త్రీడీని ఓబీజేగా ఇస్తుంది. ఒక క్యాడ్ నుంచి మరో క్యాడ్‌కు డ్రాయింగ్ పంపే డీఎక్స్‌ఎఫ్ ఫైలు మాత్రం ప్రోగ్రామ్‌లో నేరుగా లేదు.

మెట్ల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. లైబ్రరీలోని మెట్లు సాగదీయగలిగే బొమ్మలు. 2.5 మీటర్ల ఎత్తుకు 15 మెట్లున్న బొమ్మను 3 మీటర్లకు సాగదీస్తే మెట్ల సంఖ్య మారదు, ఒక్కో మెట్టు ఎత్తు 16.7 నుంచి 20 సెంటీమీటర్లకు పెరుగుతుంది. తెరమీద చక్కగానే కనిపిస్తుంది, ఎక్కేటప్పుడు మోకాళ్లకు తెలుస్తుంది. లెక్క విడిగా వేసుకోవాలి. 3 మీటర్ల అంతస్తుకు 15 సెంటీమీటర్ల మెట్టు చొప్పున 20 ఎత్తులు. పది పదిగా రెండు ఫ్లైట్లు (మలుపు లేని మెట్ల వరుసలు) చేస్తే ఒక్కో ఫ్లైటులో 9 అడుగు పలకలు ఉంటాయి. పలక 25 సెంటీమీటర్లయితే ఫ్లైటు పొడవు 2.25 మీటర్లు. దానికి మీటరు ల్యాండింగ్ కలిపితే లోపలి పొడవు 3.25 మీటర్లు కావాలి. ఈ చోటు ప్లాన్‌లో ముందే కేటాయించి, బొమ్మను తర్వాత అందులో కూర్చోబెట్టడం మంచిది.

## గోడ మందం ఎక్కడ పోతుంది

కొత్తగా గీసేవారి ప్లాన్లలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే తప్పు ఇదే. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా జరుగుతుంది కూడా. గది 3.60 × 3.00 మీటర్లు అని చెప్పినప్పుడు అది సాధారణంగా లోపలి కొలత. స్వీట్ హోమ్ త్రీడీలో గోడను గీసేది మధ్య గీత మీద. గోడ మందం 20 సెంటీమీటర్లు పెట్టి, మధ్య గీత పొడవులు 3.60, 3.00 అని కొడితే ప్రతి వైపూ పది పది సెంటీమీటర్లు గోడలోకి పోతాయి. లోపల మిగిలేది 3.40 × 2.80. వైశాల్యం 10.80 చదరపు మీటర్ల నుంచి 9.52కు పడిపోతుంది, అంటే దాదాపు 12 శాతం గది మాయం. కొట్టాల్సిన పొడవులు 3.80, 3.20.

ఇంటి మొత్తానికి ఈ లెక్క పేరుకుంటుంది. వరసగా మూడు గదులుంటే వాటి లోపలి కొలతల మొత్తానికి నాలుగు గోడల మందం కలపాలి. 20 సెంటీమీటర్ల గోడలైతే అదే 80 సెంటీమీటర్లు. స్థలం వెడల్పులోంచి దీన్ని ముందే తీసేయకపోతే చివరి గది ఇరుకవుతుంది. మొదటి గోడ గీయకముందే ప్రిఫరెన్సెస్‌లో గోడ మందం మార్చుకోవాలి. ప్రోగ్రామ్ ముందుగా ఇచ్చే మందం ఎక్కువగా పలుచని పార్టిషన్‌కు సరిపోయేది.

ఇప్పటికే ఉన్న ఇంటిని కొలిచి గీస్తుంటే పొడవు వెడల్పులతో పాటు మూలనుంచి మూలకు కూడా టేపు వేయాలి. 3.60 × 3.00 గది మూలమట్టంగా ఉంటే ఆ కొలత 4.69 మీటర్లు రావాలి. రెండు మూలల కొలతలు ఒకదానికొకటి తేడాగా వస్తే గది వంకరగా ఉందని అర్థం. తెరమీద 90 డిగ్రీలకు బలవంతంగా సర్దితే ఆ వంకర పక్క గదికి చేరుతుంది.

అడుగుల్లో పనిచేసేవారికి దశాంశ బిందువు పెద్ద గండం. 10 అడుగుల 10 అంగుళాలను 10.10 అని కొడితే ప్రోగ్రామ్‌కు అది 10 అడుగుల 1.2 అంగుళాలు. దాదాపు 9 అంగుళాలు పోయినట్టే. అసలు విలువ 10.83. యూనిట్లను అడుగులు, అంగుళాలుగా మార్చుకోవడమో, మొత్తాన్ని మిల్లీమీటర్లలో గీయడమో చేస్తే ఈ బెడద ఉండదు.

## కొలతల షీటుకు లిబ్రేక్యాడ్, క్యూక్యాడ్

ఈ రెండూ ఒకే కుటుంబం. క్యూక్యాడ్ పాత ఉచిత కోడ్‌నుంచే లిబ్రేక్యాడ్ పుట్టింది. రెండూ టూడీకే పరిమితం, రెండింటి సొంత ఫైలూ డీఎక్స్‌ఎఫ్. ప్లాన్ అందుకునే ఇంజనీరు ఏ క్యాడ్ వాడినా దాన్ని తెరవగలడు. అసలు విలువ ఇదే.

పని వరుస సరిగ్గా ఉంటే వేగంగా సాగుతుంది. డ్రాయింగ్ సెట్టింగ్స్‌లో యూనిట్‌ను మిల్లీమీటర్లుగా ఎంచుకుని, గోడలు, తలుపులు కిటికీలు, కొలతలు, పేర్లు, సామాను అన్న లేయర్లు (డ్రాయింగ్ పొరలు) విడివిడిగా చేసుకోవాలి. తర్వాత ఇంటి బయటి దీర్ఘచతురస్రాన్ని, ఉదాహరణకు 12000 × 9000, గీసి సమాంతర గీత సాధనంతో లోపలికి 200 దూరంలో ఇంకొకటి తీయాలి. లోపలి గోడలూ ఇలాగే జంట గీతలు. గోడలు కలిసేచోట అడ్డొచ్చిన ముక్కలను ట్రిమ్‌తో తీసేయాలి. తలుపు చోట 900 వెడల్పున రెండు చిన్న గీతలు నిలిపి మధ్యభాగం కత్తిరించాలి. తలుపు బొమ్మను ఒకసారి గీసి బ్లాక్‌గా దాచుకుంటే మిగిలిన తలుపులన్నిటికీ అదే వాడుకోవచ్చు. గోడల లోపల గళ్లు నింపే హ్యాచ్ ఆఖరున. అది నిండకపోతే ఏదో మూల వెంట్రుకవాసి తెరుచుకుని ఉంటుంది. అందుకే మొదటినుంచీ గీత కొసకే సరిగ్గా అతికించే ఎండ్‌పాయింట్ స్నాప్ పెట్టుకునే గీయాలి. కంటికి కలిసినట్టున్న గీతలు లెక్కలో కలిసి ఉండకపోవచ్చు.

అక్షరాల ఎత్తు చాలామందిని తిప్పలు పెడుతుంది. గోడలను అసలు కొలతలో గీస్తారు కనుక అక్షరాలనూ స్కేలుకు తగ్గట్టు పెంచాలి. కాగితం మీద 2.5 మిల్లీమీటర్ల అక్షరం కావాలంటే 1:100కు 250, 1:50కి 125 ఎత్తు ఇవ్వాలి. ఇది మరిచి 2.5 అనే ఉంచితే కొలతలు వేసినా కనిపించవు. పని చేయడంలేదనుకుని మళ్లీ మళ్లీ వేసేవారున్నారు.

గోడను జరపడానికి స్ట్రెచ్ వాడినప్పుడు కొలత గీత కొసలు కూడా ఎంపిక పెట్టెలోకి రావాలి. లేకపోతే గోడ కొత్త చోట, అంకె పాతది. షీటు ఇచ్చే ముందు ఒక వరుసలోని చిన్న కొలతలన్నీ కూడి మొత్తం కొలతతో పోల్చడం ఒక్కటే నమ్మదగిన తనిఖీ.

## ఫ్రీక్యాడ్ ఎప్పుడు

2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌తో ఫ్రీక్యాడ్‌లో భవన నిర్మాణ సాధనాలన్నీ ఒకే బిమ్ విభాగం కిందికి చేరాయి. గోడ ఎత్తు, మందం అంకెలుగా ఉంటాయి. అంకె మారిస్తే గోడ మారుతుంది, దానిలోని కిటికీ దానితోపాటే కదులుతుంది. మెట్ల సంఖ్యను కూడా ఇవ్వవచ్చు కనుక పైన చెప్పిన సాగుడు సమస్య లేదు. నేలనుంచి సుమారు 1.2 మీటర్ల ఎత్తున అడ్డంగా సెక్షన్ తలం పెడితే అదే ప్లాన్. నిలువుగా పెడితే సెక్షన్. టెక్‌డ్రా విభాగంలో వీటిని షీటు మీద అమర్చి కొలతలు వేయాలి. భవన సమాచారానికి ఐఎస్‌ఓ 16739 ప్రమాణంగా ఉన్న ఐఎఫ్‌సీ ఫైలును తెరుస్తుంది, రాస్తుంది.

ఒక్క ఇంటికి ఒక్కసారి ప్లాన్ కావాలనుకునేవారికి ఇంత శ్రమ గిట్టదు. రెండు మూడు అంతస్తులు, పదేపదే మార్పులు, పరిమాణాల లెక్కలు ఉన్నప్పుడే దాని ఫలం కనిపిస్తుంది.

## బ్రౌజర్‌లో నడిచేవి

ఫ్లోర్‌ప్లానర్, ప్లానర్ ఫైవ్‌డీ, రూమ్‌స్కెచర్ లాంటివి ఇన్‌స్టాల్ అక్కర్లేకుండా తొందరగా అందమైన చిత్రాలు ఇస్తాయి. ఆదాయం వచ్చేది మాత్రం ఉచిత ఖాతాకు పెట్టిన హద్దుల దగ్గరే. చిత్రం స్పష్టత, ప్రాజెక్టుల సంఖ్య, సామాను జాబితా, స్కేలుతో ప్రింటు, వీటిలో ఏదో ఒకటి డబ్బు కట్టేదాకా మూసి ఉంటుంది. ఈ హద్దులు మారుతూ ఉంటాయి కనుక గీయడానికి ముందే ఎక్స్‌పోర్ట్ మెనూ తెరిచి చూడాలి. గీసింది కంపెనీ సర్వర్‌లో ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

## ఫైలు చేరేచోట వచ్చే తేడాలు

డీడబ్ల్యూజీ ఆటోక్యాడ్ సొంత ఫార్మాట్. లిబ్రేక్యాడ్ ఆ రూపంలో సేవ్ చేయలేదు. మార్పిడికే 1982లో ఆటోక్యాడ్‌తోపాటు డీఎక్స్‌ఎఫ్ వచ్చింది. ఎవరైనా డీడబ్ల్యూజీ పంపితే ఓడీఏ ఫైల్ కన్వర్టర్ అనే ఉచిత సాధనంతో డీఎక్స్‌ఎఫ్‌గా మార్చుకోవచ్చు, తిరిగి డీడబ్ల్యూజీగానూ మార్చవచ్చు.

డీఎక్స్‌ఎఫ్‌లో సాధారణంగా కనిపించే లోపం యూనిట్‌ది. ఫైలులో గీత పొడవు ‘3600’ అనే ఉంటుంది. అది మిల్లీమీటర్లా, అంగుళాలా అన్నది ఫైలు మొదట్లో విడిగా రాసి ఉంటుంది. అది ఖాళీగానో తప్పుగానో ఉంటే 3.6 మీటర్ల గోడ అవతలి తెరమీద 300 అడుగులవుతుంది. తేడా సరిగ్గా 25.4 రెట్లుంటే కారణం ఇదే, స్కేల్ ఆదేశంతో సరిచేయవచ్చు.

కాగితం దగ్గరా ఇలాంటిదే ఉంది. 12 × 9 మీటర్ల ఇల్లు 1:100లో 120 × 90 మిల్లీమీటర్లు కనుక ఏ4లో హాయిగా పడుతుంది. 1:50లో 240 × 180 అవుతుంది. ఏ4 కాగితం 297 × 210. ఇల్లు పడుతుంది గానీ చుట్టూ కొలత గీతలకు చోటుండదు. ఏ3కి వెళ్లాలి. పీడీఎఫ్ ప్రింటు పెట్టెలో ‘ఫిట్’ ఎంపిక ఉంటే బొమ్మ కుదించుకుపోతుంది. అది 96 శాతానికి తగ్గితే 3.60 మీటర్ల గోడను స్కేలు పెట్టి కొలిచిన మేస్త్రీకి 3.46 వస్తుంది. ‘యాక్చువల్ సైజ్’ ఎంచుకుని, ప్లాన్ పక్కన 5 మీటర్ల స్కేలు పట్టీ గీసి పెడితే 1:100 కాగితం మీద అది 50 మిల్లీమీటర్లు ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు.

ఈ సాఫ్ట్‌వేర్‌లలో ఏదీ పైగోడ కింద ఆసరా ఉందా, కాలమ్ కింది అంతస్తులో దానికిందే వస్తుందా, బాత్రూం పైపు ఏ దూలాన్ని చీల్చుకుని పోతుంది అని తనంతట తాను చెప్పదు. స్ట్రక్చరల్ ఇంజనీరు పని అలాగే ఉంటుంది.

## గంటలో తేల్చుకునే పరీక్ష

ఇల్లు మొత్తం గీయకముందు ఎంచుకున్న సాఫ్ట్‌వేర్‌లో ఒక్క గది గీయాలి. లోపలి కొలత 3.60 × 3.00, 20 సెంటీమీటర్ల గోడ, ఒక తలుపు, ఒక కిటికీ, రెండు కొలత గీతలు. గది వైశాల్యం 10.80 చూపిస్తుందో లేదో చూడాలి. ఒక గోడను 30 సెంటీమీటర్లు జరిపి, కొలత దానితో మారిందో లేదో గమనించాలి. గోడను మళ్లీ పాత చోటికి తెచ్చి, 1:50లో ప్రింటు తీసి స్కేలు పెట్టి కొలవాలి. 3.60 మీటర్లు 72 మిల్లీమీటర్లు రావాలి. చివరగా, ప్లాన్‌ను అందుకోబోయే మనిషికే ఆ ఒక్క గది ఫైలు పంపి, తన దగ్గర తెరిచి గది లోపలి పొడవు ఎంత వస్తోందో చెప్పమనాలి. 3600 అని జవాబు వచ్చాకే రెండో గది మొదలుపెట్టాలి.